వెచ్చని ఆసనం

ఎండలకు పేరుపడిన మన సీమలో కారు సీటుకు వేడి ఎందుకని నవ్వకండి. పుష్యమాసపు వేకువలో మదనపల్లె నుండి హార్స్‌లీ కొండ ఎక్కే పాత అంబాసిడరులో కూర్చున్న వృద్ధులను అడగండి! అమెరికాలో కాడిలాక్ కార్లకు ఈ సౌకర్యం 1966లోనే లభించింది. మన పాత బండ్లకు దానిని విడిగా అమర్చుకోవలసిందే.

సీటు తొడుగు విప్పి, స్పాంజిపై పలుచని హీటింగ్ ప్యాడును ముడత పడకుండా అతికిస్తారు. అందులోని తీగలు విద్యుత్ప్రవాహానికి నిరోధం కల్పించి వేడెక్కుతాయి. ఒక ప్యాడు 4 ఆంపియర్లు గ్రహిస్తే 12 వోల్టుల బ్యాటరీపై 48 వాట్ల భారం పడుతుంది. బ్యాటరీ మన కరకంబాడిలో తయారైన కొత్తదే కావచ్చు. ఇంజను ఆపి సీటును వేడిచేస్తూ పోతే అదీ నీరసిస్తుంది. కనుక తాళంచెవి తిప్పినప్పుడే విద్యుత్తు పారేటట్లు రిలే ద్వారా కలపాలి. డైనమో గల బండి ఆగి ఆగి నడిచే చోట విద్యుదుత్పత్తి స్వల్పం. అక్కడ సీటు స్విచ్చి ఆపడమే మేలు.

ఫ్యూజు విషయంలో మాత్రం లోభం తగదు. సీటు పట్టాల అంచుకు రాసుకొని తీగ తొడుగు చిరిగితే, ఫ్యూజు లేని బండిలో స్పాంజి అంటుకోవచ్చు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ కూడ అవసరమే. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్నా తెలియదు. అటువంటి తాతగారి సీటును మనుమడే ముందుగా అరచేతితో తాకి చూడాలి.