స్నానపు గదిలో దీప ముంచవలసిన చోటు

పంట రాబడి చేతికి వచ్చిన పిమ్మట మన సంఘసభ్యులలో పలువురు ఇండ్లు బాగుచేయించుకొనుచున్నారు. వసారా పెంచుదురు, గచ్చు చేయింతురు, దొడ్డిలో స్నానపు గది కట్టింతురు. గోడలకు పలకలు పరపించుటకు వేలకొలది రూపాయలు వెచ్చించిన గృహస్థుడే, దీపము మాట వచ్చునప్పటికి, ఎక్కడనో యొక బల్బు తగిలించుమని పనివానితో చెప్పి యూరకుండును. పనివాడును తీగ తక్కువ పట్టు చోటు చూచి తలుపునకు పైన బిగించి పోవును. ఈ నెల పాఠము ఆ బల్బును గూర్చియే.

దీపము తలుపుపై నుండిన నేమగునో చూడుడు. మన యిండ్లలో గవాక్షము తరచుగా తలుపున కెదుటి గోడకే యుండును. స్నానము చేయువారు దీపమునకును గవాక్షమునకును నడుమ నిలుతురు. గవాక్షమునకు గరుకు అద్దము వేయించితిమి గదా యని మనము ధైర్యముగా నుందుము. కాని గరుకు అద్దము ముఖమును దాచును గాని నీడను దాచదు. తోలుబొమ్మలాట చూడని వారు మనలో నుండరు. అందు దీపము బొమ్మకు వెనుక నుండును, తెర బొమ్మకు ముందుండును. చీకటిపడిన పిమ్మట మన స్నానపు గదిలోను సరిగా ఆ యేర్పాటే యగుచున్నది. వెలుపలి సందులో నడచువారికి లోపలివారి నీడ అద్దముపై కనబడును.

పొలము పని ముగించి వచ్చు స్త్రీలు స్నానమాడునది దీపాలు పెట్టిన తరువాతనే. వేకువను లేచువారి సంగతియు నంతే. ఈ నీడ విషయము వా రెరుగుదురు, నోట చెప్పరు. దీప మార్పివేసి చీకటిలో నీళ్ళు పోసికొందురు. నే నెరిగిన యొక యింట ముసలమ్మగా రిట్లే కాలుజారి పడగా తుంటియెముక విరిగి, నెలల తరబడి మంచము పట్టిరి. ఇంటిలోని మగవారు గచ్చు నున్నగా నుండుటచేతనే పడినదనిరి. అప్పుడు దీపము వెలుగుచున్నదా యని నే నడుగగా వారెవ్వరును బదులు చెప్పలేదు. కోడలు తలవంచుకొని అసలు సంగతి చెప్పినది.

దీనికి చికిత్స సులభము. దీపమును గవాక్షమున్న గోడకే, గవాక్షమునకంటె పైగా బిగింపవలెను. అప్పుడు వెలుగు లోపలివైపు ప్రసరించును. స్నానము చేయువారి నీడ ఎదుటి గోడపైనను తలుపుచెక్కపైనను పడును గాని అద్దముపై పడదు. ముఖము చూచుకొను అద్దమునుగూడ అదే గోడకు, గవాక్షమునకు ప్రక్కగా తగిలించినచో, పగటి వెలుతురును రాత్రి దీపకాంతియు ముఖముపైననే పడును. గడ్డము గీచుకొనువారు దీనిని మెచ్చుకొందురు. వెనుకనుండి వెలుగు వచ్చునప్పుడు అద్దములో వీపు వెలుగును గాని చెంప కనబడదు.

ఐనను నా మాట నమ్మి మేకు కొట్టింపవద్దు. కొత్త విత్తనమును ఒక మడిలో చల్లి చూచునట్లే దీనినిగూడ ముందు పరీక్షింపుడు. రాత్రివేళ ఒకరు టార్చి దీపమును గోడపై ననుకొన్న చోట పట్టుకొనవలెను. ఇంకొకరు గుడ్డలతోనే గాబు దగ్గర నిలువవలెను. ఇంటి యిల్లాలు వెలుపలికి పోయి సందులోనుండి చూడవలెను. ఆమె చాలునన్న చోటనే దీపముండవలెను. ఇదివరకే తలుపుపై బిగించి యున్నవారికి ఖర్చగునది కొన్ని గజముల తీగయు, ఒక పూట కూలియు మాత్రమే. గవాక్షమునకు గుడ్డ కట్టుటయో పలక కొట్టుటయో చేసినచో తేమ పోవు దారి మూసికొనిపోయి గోడలకు బూజు పట్టును, అది పనికిరాదు.

ఎంత వెలుగు కావలెను? 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గది సుమారు 3.7 చదరపు మీటరులు. 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బు సుమారు 900 ల్యూమెనుల కాంతి నిచ్చును. అందు సగము క్రిందికి చేరినను చదరపు మీటరునకు 120 ల్యూమెనులు దక్కును. గోడలు తెల్లగా నుండిన నిది చాలును. ముదురు రంగు పలకలు పరపించినవారికి చాలదు. దినమునకు రెండు గంటలు వెలిగించినను నెలకు అర యూనిటుకంటె కొంచె మెక్కువ యగును, అంతే. అరువది యేండ్ల వారి కంటిలోనికి చేరు వెలుగు ఇరువది యేండ్ల వారికి చేరుదానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. కావున పడుచువారికి చాలిన దీపము పెద్దవారికి చాలునని తలపరాదు.

ఇక అపాయమును గూర్చి. తడి చేతికి స్విచ్చి అందరాదు. దానిని తలుపునకు వెలుపల, గడియ వైపున పెట్టింపవలెను. దీపము నేలకు ఏడున్నర అడుగులకు తక్కువ యెత్తున నుండరాదు. నీరు చింది లోనికి పోకుండ మూతగల బుడ్డియే కొనవలెను. దానిపై ఐపి 44 అను గుర్తుండిన, ఏ వైపునుండి నీరు చిందినను తట్టుకొనును. ఎర్తు తీగయు, ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియరుల లీకేజి బ్రేకరును ఉన్నవో లేవో లైసెన్సు గల పనివానిచే చూపింపుడు. బకెట్టులో కరెంటు కడ్డీ వేసి నీళ్ళు కాచువారి యింట ఈ బ్రేకరు లేకుండుట నాకు భయము గొల్పును.

గది దొడ్డిలో దూరముగా నున్నచో దారికిని ఒక దీపము కావలెను. కట్లపాము తిరుగునది రాత్రులందే. గదిలో రాత్రియంతయు నుంచుటకు అర వాటు చిన్న దీపము చాలును. పది గంటల చొప్పున నెలయంతయు వెలిగినను యూనిటులో ఏడవ వంతే యగును. అది పసుపుఛాయ గలదై, డబ్బాపై 2700 లేక 3000 కెల్విన్ అని యున్నది కావలెను. తెల్లని నీలికాంతి నడిరేయి లేచినవారి నిద్రను చెడగొట్టును.

పెంకుటిండ్లవారు పగటి వెలుతురునకు గది నడుమ రెండు పెంకులు తీసి అద్దపు పెంకులు పెట్టించిన చాలును. ఏడాది కొకమారు, వానలు పట్టకముందు, వానిపై నాచు గీయింపవలెను.