సిగ్నల్ లేని చోట పురుగు వీడియో పంపేదెట్లా?

పోయిన పంటలో, నాలుగో జ్వరం లేచిన మూడోనాడు, మా మింజూరు షెడ్డులో కొన్ని పురుగులు ఉబ్బి పాలు కారినాయి. రెండు నిమిషాల వీడియో తీసి, తెలిసినాయనకు పంపి, జవాబు కోసం కాచుకున్నాం. రాత్రంతా గుండ్రం తిరుగుతానే ఉండింది. తెల్లారేసరికి ఆ పాలు ఆకు మీదంతా పడినాయి.

లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 100 ఎంబీ. ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు. సెకనుకు 1 మెగాబిట్ పోయే సిగ్నల్‌లో దానికి 800 సెకన్లు, అంటే 13 నిమిషాల పైనే. నడుమ తెగితే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మేము చేసేది ఇదీ:

1. రేకుల షెడ్డులో నుంచి పంపం. రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. మిద్దె ఎక్కి పంపుతాం.
2. ముందు రెండు ఫోటోలు, పురుగు ఎన్నో రోజో, ఎన్ని తట్టల్లో ఉందో రాసి పంపుతాం. రాత చిన్న సిగ్నల్‌లోనూ పోతుంది.
3. వీడియో అడిగితే 15 సెకన్లే, 720 సైజులో. రెండు మూడు నిమిషాల్లో పోతుంది.
4. మచ్చలు స్పష్టంగా కనబడాలంటే ఫోటోను వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పెడతాం. మామూలుగా పెడితే అది కుదించేస్తుంది.

జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకోవద్దు. ఉబ్బిన పురుగుల్ని, తోలు పగలక ముందే, ఏరి సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్లలో వేయండి.

మీ ఊర్లో ఏ వేళకు సిగ్నల్ బాగుంటుందో గ్రూపులో రాయండి.