రౌటరు లోపలి కెర్నెల్ ఎవరిది?

కంప్యూటర్ల జాలంలో సమాచారపు పొట్లాలకు దారి చూపే యంత్రం రౌటరు. అదియు ఒక కంప్యూటరే. దానికీ ప్రాసెసరు, మెమరీ, వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఆ సిస్టమ్ నడిబొడ్డున నిలిచి, మెమరీని పంచి, ఏ పనికి ఎంతసేపు ప్రాసెసరు ఇవ్వవలెనో నిర్ణయించే భాగమే కెర్నెల్. ఇంతటి కీలకభాగాన్ని పెద్ద పెద్ద సంస్థలు తామై వ్రాసుకొనక, లోకానికంతటికీ బహిరంగమైన లినక్సునో ఫ్రీబీఎస్‌డీనో తెచ్చుకొంటున్నవి. ఇది చేతగానితనమా, పిసినారితనమా అనే సందేహం విద్యార్థులకు కలుగుట సహజం. రెండూ కాదని మా అభిప్రాయం.

సొంతంగా వ్రాసుకొన్నవారు లేకపోలేదు. సిస్కో సంస్థ 1980ల నుండి పెంచుకొంటూ వచ్చిన ఐఓఎస్ అట్టిదే. అందులో పనులన్నీ ఒకే మెమరీ ప్రదేశంలో, నడుమ గోడలు లేని ఇంటిలోవలె కాపురముండేవి. ఒక పని పొరపాటున పక్కదాని మెమరీని చెరిపితే యంత్రం మొత్తం కుప్పకూలి మరల మొదటినుండి లేవవలసి వచ్చేది. ఆనాటి కొద్దిపాటి మెమరీకి ఆ పొదుపు తగినదే, తప్పు పట్టరాదు. కాని రౌటరు క్షణమైనా ఆగరాని కాలం వచ్చేసరికి అది భారమైంది.

1996లో స్థాపితమైన జునిపర్ వేరొక త్రోవ త్రొక్కింది. 1998లో వెలువడిన ఎం40 రౌటరులోని జునోస్‌ను ఫ్రీబీఎస్‌డీపై కట్టింది. ఫ్రీబీఎస్‌డీకి మూలం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో రూపొందిన యూనిక్స్. ఇంటర్నెట్టు నడకకు ఆధారమైన టీసీపీ/ఐపీ 1983 నాటి 4.2 బీఎస్‌డీలోనే ఉన్నది. పనికీ పనికీ నడుమ గోడలు కూడా సిద్ధంగా దొరికినవి. తరువాత సిస్కో సైతం 2008లో ఏఎస్ఆర్ 1000 రౌటర్లకై తెచ్చిన ఐఓఎస్ ఎక్స్‌ఈలో తన పాత ఐఓఎస్‌ను లినక్సుపై నడిచే ఒక ప్రోగ్రాముగా మార్చింది.

ఇచ్చట మనం సాధారణంగా పొరబడే విషయమొకటి ఉన్నది. పెద్ద రౌటర్లలో పొట్లాలను మెరుపువేగంతో దాటించేది కెర్నెల్ కాదు, ఆ పనికై ప్రత్యేకంగా చేయించిన చిప్పులు. కెర్నెల్‌పై నడిచే ప్రోగ్రాములు బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ మున్నగు నియమాల ప్రకారం ఇతర రౌటర్లతో సంభాషించి, దారుల పట్టిక తయారుచేసి చిప్పులకు అందిస్తాయి. సంస్థ నైపుణ్యమూ లాభమూ ఆ చిప్పులలో, ఆ ప్రోగ్రాములలో ఉన్నవి. మెమరీని ఎవరి కెర్నెల్ బాగా పంచుతుందని చూచి రౌటరు కొనేవారు అరుదు. అట్టి పనిని తిరిగి మొదటినుండి చేయుట ఏల? వేలమంది లోపాలు వెదకి దిద్దుతున్నది చేతికి అందుబాటులో ఉన్నది. చేరబోయే ఇంజనీరుకు లినక్సు ముందే తెలిసియుండుట అదనపు లాభం.

అయితే ఇది షరతులు లేని దానం కాదు. బీఎస్‌డీ లైసెన్సు ప్రకారం తీసుకొన్నవారు తమ మార్పులను దాచుకొనవచ్చు. లినక్సుకు వర్తించే జీపీఎల్ లైసెన్సు అట్లు కాదు. యంత్రాన్ని అమ్మినవారు అందులోని కెర్నెల్ కోడును, తమ మార్పులతో సహా, అందుకొన్నవారికి ఇవ్వవలెను. మనకు తెలిసిన మాటలో చెప్పవలెనంటే అది వక్ఫ్ చేసిన బావివంటిది. నీరు ఎవరైనా తోడుకొనవచ్చు, బావిని సొంతం చేసుకొనరాదు. కెర్నెల్‌పై వేరుగా నడిచే సొంత ప్రోగ్రాములకు మాత్రం ఈ షరతు లేదు. కనుకనే వ్యాపార సంస్థలు దీనికి ఒప్పుకొనగలుగుతున్నవి.

ఒప్పుకొని మరచిన సందర్భమూ ఉన్నది. 2002 చివర లింక్సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఇంటి రౌటరును విడుదల చేసింది. 2003లో ఆ సంస్థను సిస్కో కొన్నది. లోపల ఉన్నది లినక్సు అని ఆ ఏడాదే ఔత్సాహికులు కనిపెట్టి అడుగగా, కోడును బయటపెట్టవలసి వచ్చింది. లింక్సిస్ పరికరాల విషయమై ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో సిస్కోపై దావా వేయగా, 2009లో రాజీ కుదిరింది. ఈలోగా ఆ కోడు ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. నేడది అనేక సంస్థల రౌటర్లలో నడుస్తున్నది. సి భాష నేర్చిన మన విద్యార్థులు లినక్సు మూలప్రతిని ఉచితంగా దింపుకొని, అందులో ‘నెట్’ అనే భాగం క్రింద గల ‘ఐపీవీ4’తో చదువుట ఆరంభించవచ్చు. పొట్లం ఏ దారిన పోవలెనో నిర్ణయించే వాక్యాలు అచ్చటనే ఉన్నవి.