మస్కట్ ఎండల్లో మన పిల్లల జపాన్ వేసవి

ఏంటమ్మా, అలా దిగాలుగా కూర్చున్నావు? బడికి సెలవులిచ్చేశారు, ఊరికెళ్దామంటే టికెట్ల ధరలు చూసి గుండె గుభేలుమంది, మీ ఆయనకు సెలవు దొరకలేదు, రెండు నెలలు పిల్లను ఈ ఫ్లాట్‌లో ఎలా పెట్టుకోవాలా అనే కదా నీ బెంగ? ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. నెమ్మదిగా మాట్లాడుకుందాం.

జూన్, జూలై నెలల్లో మస్కట్ ఎండ సంగతి మనకు కొత్త కాదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఆరుబయట కూలీలతో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. ఇక పసిపిల్లలు ఎక్కడికని పోతారు? మగ్రిబ్ నమాజు అయ్యాక బిల్డింగ్ కింద కాసేపు ఆట, మిగతా రోజంతా ఏసీ, ఫోను, గొడవ. ఇంతలో జపాన్ సంస్కృతి నేర్పే వేసవి తరగతులున్నాయని ఎవరో వాట్సాప్‌లో పంపారు. డోరేమాన్ చూసి పెరిగిన పిల్ల, పేరు వినగానే ఎగిరి గంతేసింది. నీకేమో సవాలక్ష అనుమానాలు. అనుమానం రావడం మంచిదే, అమ్మవి కదా. ఒక్కొక్కటే చూద్దాం.

కాగితాలు మడవడానికీ, కుంచెతో నాలుగు గీతలు గీయడానికీ ఇన్ని రియాల్స్ పోయాలా అంటావు. నిజమే, ఒరిగామి కొంగ ఎలా చేయాలో యూట్యూబ్ చూసీ నేర్చుకోవచ్చు. కానీ అక్కడ దొరికేది కొంగ ఒక్కటే కాదు చెల్లీ. మొదటి మడతలో అంచుకి అంచు కలవకపోతే చివరికి కొంగకు ముక్కు రాదు. ఆ సంగతి నువ్వు చెబితే పిల్లకు కోపం, కాగితం చెబితే మారు మాట్లాడకుండా విప్పి మళ్లీ మడుస్తుంది. మన పిల్ల ఒక పని చెడగొట్టుకుని, ఎవరూ తిట్టకుండా, ఎవరూ అందుకుని చేసిపెట్టకుండా, తనే సరిదిద్దుకున్న రోజు ఎప్పుడో గుర్తుందా? ఆ అవకాశం కోసం పంపుదాం.

ఆ కొంగలతో పాటు హిరోషిమా పాప సడాకో ససాకి కథ కూడా చెప్పవచ్చు. 1945లో అణుబాంబు పడినప్పుడు ఆమెకు రెండేళ్లు. పదేళ్ల తరవాత రక్త క్యాన్సర్‌తో ఆస్పత్రిలో పడుకుని కాగితపు కొంగలు చేస్తూ పన్నెండేళ్లకే కన్నుమూసింది. ఆమె కోసం పిల్లలే పూనుకుని విరాళాలు కూడగడితే 1958లో హిరోషిమాలో పిల్లల శాంతి స్మారకం లేచింది. ఇది విని మన పిల్ల రాత్రి నిద్రపోకుండా ప్రశ్నలు వేస్తే కంగారు పడకు. మాట మార్చెయ్యకు. పక్కన పడుకుని, అవునమ్మా అలా జరిగింది, ఆ పాప స్నేహితులు ఆమెను మరిచిపోలేదు అని చెప్పు. ఎదుటివాళ్ల బాధకు కళ్లు చెమర్చడం కూడా ఎదగడమే కదా?

ఇంతకీ జపాన్ పిల్లలు వేసవి ఎలా గడుపుతారో తెలుసా? వాళ్లకు సెలవులు జూలై చివర్లో మొదలై ఆగస్టు చివరి దాకా ఉంటాయి. చాలాచోట్ల పొద్దున్న ఆరున్నరకల్లా పిల్లలు మెడలో ఒక కార్డు వేలాడదీసుకుని పార్కుకు చేరతారు. రేడియోలో పాట వస్తుంది, అందరూ కలిసి చేతులూ కాళ్లూ ఆడిస్తారు, కార్డు మీద ముద్ర వేయించుకుని ఇంటికెళ్తారు. 1928లో మొదలైన రేడియో వ్యాయామం అది, ఇప్పటికీ నడుస్తోంది. ఇక సెలవుల పనులంటావా, బొమ్మ వేసి దాని కింద నాలుగు మాటలు రాసే డైరీ ఒకటి. తనకు నచ్చిన విషయం మీద తనే చేసే పరిశోధన ఒకటి. ఒకటో తరగతి పిల్లలైతే బడిలో కుండీలో నాటిన పూలతీగను సెలవులకు ఇంటికి తెచ్చుకుని నీళ్లు పోసి పెంచుతారు. అన్నీ చిన్న పనులే. అన్నీ పిల్లలు తమంతట తాము చేసేవే.

మామూలు రోజుల్లోనూ అంతే. తరగతి గది తుడిచేది పిల్లలే, మధ్యాహ్నం తెల్ల ఆప్రాన్లు కట్టుకుని తోటివాళ్లకు వడ్డించేదీ పిల్లలే. మన ఇళ్లలో? కంచం తీయబోతే నువ్వు లే, నేను తీస్తాలే, వెళ్లి చదువుకో అంటాం. ప్రేమతోనే అంటాం, కాదనను. కానీ ఆ ప్రేమలో పిల్ల చేతికి పనే లేకుండా పోతోంది. మగపిల్లాడైతే మరీనూ. అందుకే ఆ తరగతులకు వెళ్లి, నేర్పేవాళ్లను ముందుగా ఒకటి అడుగు: పిల్లలు చూస్తూ కూర్చుంటారా, తమ చేతులతో చేస్తారా? అయిపోయాక బల్లలు సర్దేది ఎవరు? పిల్లలే అన్నారంటే కళ్లుమూసుకుని చేర్పించు. ఒక్కో గదిలో ఎంతమంది, నీళ్లు ఎక్కడ తాగిస్తారు, ఇవీ అడుగు. మొహమాటపడకు.

అక్కడ తినడానికి ఏమైనా పెడతారేమో, మీరు శాకాహారులైతే ఒక జాగ్రత్త. జపాన్ వంటలో చాలా పులుసులకు దషీ అనే మరిగించిన నీళ్లే మూలం. అందులో తరచు ఎండుచేప పలుచటి పెచ్చులు వేస్తారు. పైకి చూస్తే టోఫూ ముక్కలూ ఉల్లికాడలే కనిపిస్తాయి, చేప కనిపించదు. మాంసం వేశారా అని అడిగితే లేదనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. చేప కలిసిందా అని విడిగా అడగాలి. మనం వెంట ఉండం కనుక ఆ ప్రశ్న పిల్లకే నేర్పు. నాకిది పడదండి అని నవ్వుతూ చెప్పడం వస్తే రేపు ఏ ఊళ్లో చదువుకున్నా ఆకలితో ఉండదు.

మన పిల్లకు బిడియం ఎక్కువ, అక్కడ తెలుగువాళ్లెవరూ ఉండరు, బిక్కుబిక్కుమంటుందేమో అంటావా? ఉంటుంది, మొదటి రెండు రోజులు. అయినా భాష రాకపోవడం పిల్లలకు మనం అనుకున్నంత అడ్డంకి కాదమ్మా. జపాన్‌లో ఫుకువోకా అనే నగరం ఉంది. అక్కడ 1989 నుంచి ఏషియన్ పసిఫిక్ చిల్డ్రన్స్ కన్వెన్షన్ పేరుతో వేసవిలో ఎన్నో దేశాల పిల్లలను పిలిచి స్థానికుల ఇళ్లలో అతిథులుగా ఉంచుతున్నారు. 11 ఏళ్ల పిల్లలు! అమ్మానాన్న పక్కన లేకుండా, ఆ ఇంటి మాట రాకుండా, వాళ్ల పిల్లలతో కలిసి తిని, కలిసి పడుకుని, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వస్తారు. మనం పంపేది పూటకు మూడు గంటలు, అదీ ఇంటికి ఇరవై నిమిషాల దూరానికి. దించేసి బయట కారులో కూర్చుని అద్దంలోంచి చూడకు. ముద్దు పెట్టు, ఎన్నింటికి వస్తావో చెప్పు, సరిగ్గా ఆ వేళకు వెళ్లు. నువ్వు చెప్పిన వేళకు వస్తావన్న నమ్మకమే దానికి కొండంత ధైర్యం.

ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నావు, ఏదీ అంకుల్‌కి ఒక జపాన్ మాట చెప్పు అని నిలబెట్టకు. ఎవరి పక్కన కూర్చున్నావు, ఇవాళ ఎవరికి సాయం చేశావు, ఏది కుదరలేదు అని అడుగు. చెప్పకపోతే ఊరుకో. అన్నం కలుపుతున్నప్పుడు అదే చెబుతుంది.

ఇక అసలు భయం నువ్వు బయటికి అనడం లేదు గానీ నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, హిందీ, వీధిలో అరబ్బీ, ఇప్పుడు జపనీసు కూడానా, మన తెలుగు కాస్తా ఎగిరిపోతుందేమోనని. వినమ్మా, జపాన్ అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అచ్చులతో మొదలై క, స, త, న, హ, మ వరసలో సాగుతుంది. పూర్వం బౌద్ధం వెంట అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమం చలవే ఆ వరస. క, కి, కు అని గుణింతం నేర్చిన పిల్లకు హిరగానా 46 అక్షరాలు ఎంతసేపు? వాక్యంలో క్రియ కూడా మనలాగే చివరికే వస్తుంది. ఒక పక్క ఆ అక్షరం, మరో పక్క తెలుగు అక్షరం రాయించు. రెండూ నిలుస్తాయి.

ఒమాన్‌కీ జపాన్‌కీ చెందిన ఒక రాజకుమారి సంగతి చెప్పనా? సుల్తాన్ ఖాబూస్ తాతగారు తైమూర్ బిన్ ఫైసల్ 1932లో గద్దె దిగి, తరవాత జపాన్ వెళ్లి కోబే నగరంలో ఉన్నారు. 1936లో కియోకో ఒయామా అనే జపాన్ యువతిని పెళ్లి చేసుకున్నారు. మరుసటేడు బుథైనా పుట్టింది. 1939లో తల్లి పోయింది. పసిబిడ్డ ఒమాన్‌కు చేరింది. ఆ పాప ఇక్కడి రాజకుటుంబంలో, ఇక్కడి భాషలో, ఇక్కడి బిడ్డగానే పెరిగింది. పెద్దయ్యాక, 1978లో, జపాన్ వెళ్లి తల్లి సమాధిని చూసుకుని వచ్చింది. అంత చిన్నప్పుడు తెగిన బంధమే అన్నేళ్లకు మళ్లీ పిలిస్తే, రోజూ నీ పక్కన పడుకుని నీ మాట వినే పిల్ల నీ భాషను ఎలా మరిచిపోతుంది? మనం మాట్లాడటం మానేస్తే మరిచిపోతుంది గానీ, ఇంకోటి నేర్చుకుంటే కాదు. వారానికోసారి అమ్మమ్మకు వీడియో కాల్ చేసి, ఆ వారం చేసినవన్నీ తెలుగులో చెప్పించు. కొంగ మడత అమ్మమ్మకు నేర్పమను. ఆవిడా సంబరపడుతుంది, దీనికీ మాటలు వస్తాయి.

ఏ కారణంగానో తరగతులు కుదరకపోయినా దిగులొద్దు, ఇంట్లోనే మొదలెడదాం. ఇక్కడ పొద్దున్న అయిదున్నర లోపే తెల్లారిపోతుంది కదా, ఆరింటికి లేపి హాల్లోనే పది నిమిషాలు వ్యాయామం, గోడకు ఒక కార్డు, రోజుకో ముద్ర. కిటికీ దగ్గర కుండీలో గుప్పెడు మెంతులు చల్లించు, నీళ్లు మాత్రం తనే పోయాలి. నువ్వు మరిచిపోయినట్టు నటించు, ఎండిపోతే ఎండిపోనీ, మళ్లీ చల్లుతుంది. పరిశోధన కావాలా? ఇది ఖర్జూరం పండే కాలం. ఒకే చెట్టు గెలను వారం వారం చూసి రంగు ఎలా మారుతోందో బొమ్మ వేయమను. ఓ శుక్రవారం తెల్లవారుజామునే బయల్దేరి నిజ్వా వెళ్లండి. అక్కడి ఫలజ్ దారిస్ కాలువ 2006లో యునెస్కో జాబితాకెక్కిన అయిదు ఫలజ్ కాలువల్లో ఒకటి. మోటారు లేకుండా నీళ్లు ఊళ్లోకి ఎలా వస్తున్నాయో తనే కనుక్కోమను. రాత్రి పడుకునే ముందు రైలుబడి చదివి వినిపించు. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం అది. అందులో హెడ్‌మాస్టరుగారు పిల్లల అన్నం డబ్బాలో సముద్రం నుంచి ఒకటి, కొండల నుంచి ఒకటి ఉండాలంటారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు ఉన్న ఈ మస్కట్‌లో పిల్లలకు ఆ ఆట ఎంత బాగుంటుందో ఊహించు.

తరగతులు అయిపోయాక మాత్రం జాగ్రత్తగా ఉండాల్సింది మనమే. అక్కడ బల్ల తుడిచిన పిల్ల ఇక్కడ కంచం తీస్తానంటే వారించకు. ఆలస్యమైనా, నాలుగు మెతుకులు కింద పడినా ఓర్చుకో. చెప్పులు వరసగా పెట్టడం, నీళ్ల సీసా నింపుకోవడం, తన సంచి తను సర్దుకోవడం, ఈ మూడూ ఇక దాని పనులు. వాళ్ల నాన్నకూ చెప్పు, జాలిపడి చేసిపెట్టొద్దని. సెప్టెంబరు దాకా ఇవి నిలిచాయంటే నువ్వు కట్టిన ఫీజుకు పదింతలు వచ్చినట్టే.

సరే, టీ అయిపోయిందిగా, లే. ఆ ఫారం ఇలా పట్రా. నువ్వు నింపకు. పిల్లను పిలువు, పెన్ను దాని చేతికివ్వు. పేరు, వయసు, ఏవి తినదో, అన్నీ తనే రాస్తుంది. నువ్వు చివర్లో సంతకం పెడితే చాలు.