బేస్ గిటార్ వాయించేవారికి తన వాద్యం తనకే ఎందుకు వినబడదు?



వార్షికోత్సవం నాడు మైక్ సెట్ వారి పెద్ద బాక్సుల ముందు కూర్చుంటే ఛాతీ అదురుతుంది. ఆ అదురు మంద్ర స్వరాలది. ఆర్కెస్ట్రాలో ఆ స్వరాలను పలికించేది బేస్ గిటార్. చిత్రమేమంటే, దాన్ని వాయించే వ్యక్తికే అది చాలాసార్లు స్పష్టంగా వినబడదు. కారణం మనం చదివిన ధ్వని పాఠంలోనే ఉంది.

వాద్యం గురించి: 1951లో అమెరికాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' గిటార్‌ను అమ్మకానికి తెచ్చాడు. దీనికి సాధారణంగా నాలుగు తీగలుంటాయి. యాంప్లిఫయర్ లేకపోతే దీని శబ్దం చాలా తక్కువ.

కారణాలు:
1. దీని లావు తీగ పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. 340ని 41తో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 8.3 మీటర్లు, అంటే 27 అడుగులు! ఇంత పొడవైన తరంగం అన్ని వైపులా వ్యాపించి, గోడలకు తగిలి హోరుగా మారుతుంది. బాక్సు గోడ మూలన ఉంటే హోరు ఇంకా పెరుగుతుంది.
2. స్వరానికి స్పష్టతనిచ్చేది తీగ మీటిన చప్పుడు. అది బాక్సుకు ఎదురుగా తిన్నగా పోతుంది. బాక్సు నేలమీద ఉంటే ఆ చప్పుడు పిక్కలకు తగులుతుంది, చెవికి చేరదు.
3. మన చెవి మంద్ర స్వరాలను తక్కువగా గ్రహిస్తుంది. పైగా పక్కనే డ్రమ్స్ తాళాల మోత!

ఫలితం: వినబడక అతడు సౌండ్ పెంచుతాడు. అది చూసి గిటారిస్టు పెంచుతాడు. డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొడతాడు. చివరికి ఎవరికీ ఏమీ వినబడదు.

ప్రమాదం: అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 'నియోష్' సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెళ్లకు ఈ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే! లోపలి చెవిలోని రోమ కణాలు ఒకసారి చనిపోతే తిరిగి పుట్టవు. 1976లో లండన్‌లో 'ది హూ' బృందం కచేరీ 32 మీటర్ల దూరంలో 126 డెసిబెళ్లతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ బృందంలో బేస్ వాయించిన జాన్ ఎంట్విసిల్ తర్వాతి కాలంలో వినికిడి చాలావరకు కోల్పోయాడు. చెవులు చెడతాయని గిన్నిస్ వారు ఆ విభాగాన్నే ఎత్తివేశారు.

నివారణ:
- బాక్సును బల్లపై పెట్టాలి, లేదా చెవివైపు వాల్చాలి.
- గోడ మూలకు దూరంగా ఉంచాలి.
- ఒకరు పెంచే ముందు మిగతావారు కొంచెం తగ్గించాలి.
- ఇయర్ ప్లగ్స్ వాడాలి.

కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్‌మంటే అది హెచ్చరిక. ఈ మాట వాయించేవారికే కాదు, మనకూ వర్తిస్తుంది. ఈసారి వార్షికోత్సవంలో చిన్న తరగతుల తమ్ముళ్లను బాక్సుల ముందు కూర్చోబెట్టకండి. పాట మళ్లీ వినవచ్చు, పోయిన వినికిడి మళ్లీ రాదు.