ఇంట్లో లేనివాడి ఉత్తరాలు

నేను భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి. కాంతి సెకనుకి ఎంత దూరం పోతుందో అడిగితే చెప్పగలను గానీ, ఒక రిజిస్టరు కవరు మా గడప దగ్గరికి వచ్చాక దాని సంగతి ఏమవుతుందో మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. ఈ సంచికకి సైన్సు వ్యాసం రాయమన్నారు సంపాదకవర్గం వారు. తపాలా గురించి రాస్తానంటే నవ్వారు. నవ్విన వాళ్ళలో ఇద్దరి అన్నలు పరదేశాల్లో ఉన్నారు. ఒకరి అక్క వచ్చే నెల విమానం ఎక్కుతోంది. కనుక కాస్త ఓపిగ్గా చదవమని మనవి.

మాది కృష్ణా డెల్టాలో కాలువ కింద వ్యవసాయం. అన్నయ్య కంప్యూటరు ఉద్యోగి. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతబడ్డప్పుడు ఇంటికొచ్చి, ధాన్యం బస్తాలుండే గదిలో బల్ల వేసుకుని పని చేశాడు. తర్వాత ఆఫీసులు తెరిచినా వాళ్ళ కంపెనీ మాత్రం ఎక్కణ్ణించయినా పని చేసుకోవచ్చంది. ఇలా దూరాన ఉండి ఉద్యోగం చేసేవాళ్ళకి పోర్చుగల్ దేశం 2022 అక్టోబరు నుంచి ప్రత్యేకంగా ఒక వీసా ఇస్తోంది. దాని మీద అన్నయ్య 2024లో లిస్బన్ వెళ్ళాడు. మనిషైతే వెళ్ళాడు గానీ ఉత్తరాలు వెళ్ళలేదు. బ్యాంకులో, ఆధారులో, పొలం పాసుపుస్తకంలో, అన్నిచోట్లా మా ఊరి ఇంటి నంబరే ఉండిపోయింది. వెళ్ళేముందు బట్టలూ, పచ్చళ్ళూ, మందులూ అన్నీ జాబితా వేసుకున్నాం. ఉత్తరాల మాట ఎవరికీ తోచలేదు.

2025 సంక్రాంతికి నేను ఇంటికెళ్ళాను. ముక్కనుమ మర్నాడు, అంటే జనవరి 17న, పోస్టుమాన్ బాబాయి సైకిలు ఆపి, “మీ అన్నకి రిజిస్టరొచ్చిందిరా, సంతకం పెట్టు” అన్నాడు. అరిసె నములుతూ సంతకం పెట్టేశాను. కవరుని దేవుడి పటం వెనకాల గూట్లో పెట్టి, నాన్నతో చెబుదామనుకుని మరిచిపోయి, హాస్టలుకి వచ్చేశాను. ఫిబ్రవరి 22న నాన్న పంటరుణం కోసం పాసుపుస్తకం వెతుకుతుంటే ఆ కవరు బయటపడింది. అప్పటికి 36 రోజులు.

అది కోర్టు సమను. తాతయ్య అన్నయ్య పేర రాసిన ఎకరం ముప్ఫై సెంట్ల చేనుకి పక్క రైతుతో గట్టు తగాదా ఉంది. ఆయన దావా వేశాడు. ప్రతివాది అన్నయ్య. సమను అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. కారణాలు చూపిస్తే కోర్టు 90 రోజులదాకా గడువు పెంచవచ్చు. ఏమీ చెయ్యకుండా కూచుంటే మనం లేకుండానే కేసు నడిచిపోతుంది. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు.

“వాడు దేశంలోనే లేడు కదండీ, వాడికి అందినట్టెలా అవుతుంది?” అని నాన్న ప్లీడరు గారిని అడిగారు. ఆయన కవరు వెనక్కి తిప్పి, “ఎవరు సంతకం పెట్టారు?” అన్నారు. నాకు గొంతు ఎండిపోయింది. ప్రతివాది ఇంట్లో లేకపోతే, సమీపకాలంలో వచ్చే సూచన లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయోజనులెవరికైనా సమను ఇవ్వవచ్చట. ఒకప్పుడు మగవాళ్ళకే ఇచ్చేవారు, 1976 సవరణతో ఆడవాళ్ళకీ ఇవ్వవచ్చునన్నారు. కాబట్టి మా నాయనమ్మ వేలిముద్ర వేసినా ఇంతే సంగతి. అన్నయ్య ఆ ఇంట్లో ఉండటమే లేదు, నేనూ హాస్టల్లో ఉంటున్నాను కదా అని వాదించవచ్చు. కానీ ఆ వాదన తేలేలోగా అసలు గడువు కాస్తా దాటిపోతుందని ప్లీడరు గారన్నారు.

ఆయన చెప్పిన ఇంకో మాట నన్ను బాగా పట్టుకుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను ప్రకారం, సరైన చిరునామా రాసి, డబ్బు కట్టి, రిజిస్టరు పోస్టులో వేసిన కాగితం మామూలుగా చేరవలసిన వేళకి చేరినట్టే లెక్క. కాదని రుజువైతే తప్ప. చెక్కు తిరిగొచ్చిన కేసుల్లో పంపే నోటీసుకీ ఈ సెక్షను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఆ నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలి. తలుపు తాళం వేసి ఉందనో, కవరు వద్దని పంపేశామనో చెప్పి తప్పించుకోవడం తేలిక కాదు. మా ఊళ్ళో చాలామంది ‘తీసుకోకపోతే పోలా’ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

తర్వాత పనంతా అన్నయ్య నెత్తిన పడింది. అతని తరఫున నాన్న కోర్టులో సంతకాలు పెట్టాలంటే పవరాఫ్ అటార్నీ కావాలి. అన్నయ్య లిస్బన్‌లోని మన రాయబార కార్యాలయానికి వెళ్ళి, అక్కడి అధికారి ఎదుట సంతకం చేసి, ముద్ర వేయించుకుని, అసలు కాగితాన్ని కొరియర్లో పంపాడు. వాట్సాప్ ఫొటో చూపిస్తే ప్లీడరు గారు తల అడ్డంగా ఊపారు. అలా బయటిదేశంలో రాసిన కాగితం మన దేశానికి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టి ముద్ర వేయించుకోవాలి. కొరియరు 11 రోజులు పట్టింది. ఆ 11 రోజులూ నాన్న సరిగ్గా అన్నం తినలేదని అమ్మ తర్వాత చెప్పింది. నన్ను మాత్రం ఒక్క మాటైనా అనలేదాయన. 90 రోజులు దాటకుండానే జవాబు దాఖలైంది. కోర్టు ఖర్చుల కింద కొంత కట్టించుకుని ఒప్పుకుంది. కేసు ఇంకా నడుస్తోంది.

ఇంత జరిగాక నాకు తపాలా మీద ఆసక్తి పుట్టింది. మన ఆరంకెల పిన్‌కోడును 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టారు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. మొదటి అంకె దేశంలోని ప్రాంతాన్ని చూపిస్తుంది. మనకీ, తెలంగాణకీ, కర్ణాటకకీ 5. మొదటి మూడంకెలతో ఉత్తరం వేరుచేసే జిల్లా తెలుస్తుంది, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసుకి గుర్తు. అక్కణ్ణించి ఇంటిదాకా ఏ అంకే లేదు. పోస్టుమాన్ బాబాయి జ్ఞాపకమే దారి. పోర్చుగల్‌లో నాలుగంకెలు, గీత, మళ్ళీ మూడంకెలు. ఆ చివరి మూడూ 1998లో చేర్చారు. అవి చాలాచోట్ల ఒక వీధిదాకా తీసుకుపోతాయి. ఆ పైన చిరునామాలో ‘రెండో అంతస్తు, ఎడమ’ అని ఉంటుంది. పేరు కంటే ఆ ‘ఎడమ’ ముఖ్యం. మొదట్లో అన్నయ్య అది రాయక, నేను పంపిన రాఖీ కవరు పోగొట్టుకున్నాడు. (రాఖీ చెల్లెలిదే, అంటించి పంపింది నేను.)

అక్కడా తలుపు దగ్గర మనిషి లేకపోతే పెట్టెలో చీటీ పడేసి పోతారు. చీటీ పట్టుకుని పోస్టాఫీసుకెళ్ళి కవరు తెచ్చుకోవాలి. నివాసపు అనుమతి కార్డు కూడా పోస్టులోనే వస్తుంది కాబట్టి, దాని కోసం ఎదురుచూసే రోజుల్లో ఊళ్ళు తిరక్కూడదు. అన్నయ్య రెండు నెలలకో ఊరు మారదామనుకున్నవాడు ఆ ఒక్క కార్డు కోసం గది వదల్లేదు.

నిలకడగా ఒకచోట ఉండనివాళ్ళకి పోస్ట్ రెస్టాంట్ అనే పాత పద్ధతి ఉంది. ఫలానా పోస్టాఫీసులో ఉంచండి అని రాస్తే, మనిషి పాస్‌పోర్టు చూపించి తీసుకుంటాడు. 1874లో ఏర్పడి, 1876లో మన దేశం చేరిన ప్రపంచ తపాలా సంఘం దీన్ని గుర్తించింది. కానీ ఉత్తరాన్ని కొద్దిరోజులే దాచుతారు. స్నేహితుల ఉత్తరాలకి బాగుంటుందేమో గానీ, కోర్టు, బ్యాంకు కాగితాలకి నేను దాన్ని నమ్మను. ఇక, వచ్చిన ఉత్తరాలని వేరే చిరునామాకి మళ్ళించమని మన పోస్టాఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. ఇల్లు పూర్తిగా తాళం పడే కుటుంబాలకి అదే దారి. మా ఇంట్లో మనుషులున్నారు. కొరవడింది పద్ధతే.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టాం. కవరు వచ్చిన తేదీ, ఎవరు పంపారు, ఎవరు సంతకం పెట్టారు, ఎప్పుడు విప్పారు, అన్నయ్యకి ఎప్పుడు తెలిసింది. సంతకం తీసుకుని ఇచ్చిన ప్రతి కవరూ ఆ రోజే విప్పాలి, కవరుతో సహా ఫొటో తియ్యాలి, ఖాళీ కవరు కూడా పారెయ్యకూడదు. దాని మీది ముద్రే మనకి తేదీ సాక్ష్యం. ఇంగ్లీషు రాదని అమ్మ మొదట భయపడింది. చదవక్కర్లేదు, ఫొటో తీస్తే చాలని చెప్పాక ఇప్పుడు నాకంటే తనే చురుగ్గా ఉంది. బ్యాంకు కార్డు ఒక్కదానికే మినహాయింపు: విప్పకూడదు, ఫొటో తియ్యకూడదు, బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. పాస్‌పోర్టయితే మన చేతికి ఇవ్వనే ఇవ్వరు, ఎవరిదో ఆ మనిషే తీసుకోవాలి. అందుచేత ఇక్కడ ఉన్నప్పుడే తేదీ చూసుకుని మార్పించుకోవడం మేలు. విదేశంలో ఉండిపోయేవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఆ పని మీద వెళ్ళినప్పుడే చిరునామా, ఈమెయిలు సరిచేయించుకుంటే సగం కవర్లు తగ్గిపోతాయి. మాకు తగ్గాయి.

2025లో తపాలాశాఖ రిజిస్టరు పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసింది. పంపినవాళ్ళు కోరితే ఫోనుకొచ్చే ఓటీపీ చెబితేనే కవరిచ్చే ఏర్పాటూ పెట్టారు. మంచిదే గానీ, ఆ ఫోను లిస్బన్‌లో ఉంటే? చలికాలంలో వాళ్ళు మనకంటే అయిదున్నర గంటలు వెనక. బాబాయి పొద్దున పదింటికి వస్తే అన్నయ్యకి నాలుగున్నర. అందుకని మన దేశపు సిమ్ము ఇంట్లోనే వదిలిపోవడమో, చిరునామా పక్కన నాన్న నంబరు రాయించడమో చెయ్యాలి. మేం రెండోది చేశాం.

ఈ వ్యాసం సగంలో ఉండగా నాన్న ఫోను చేశారు. “అన్నయ్యకి ఏదో కవరొచ్చింద్రా. నేను సంతకం పెట్టలేదు. రేపు మళ్ళీ తెస్తానన్నాడు. వద్దని చెప్పమంటావా?”

“వద్దనకు నాన్నా. తీసుకుని, అమ్మ చేత వెంటనే ఫొటో తీయించు” అన్నాను.

“నోటుబుక్కులో ఇవాళ్టి తేదీ వెయ్యనా, రేపటిదా?” అన్నారు.

రెండూ వెయ్యమన్నాను.