ఎండిన నేలలో ఇంటి వైరింగు: చేయవలసినవి - చేయకూడనివి

బత్తలపల్లిలో ఇల్లు కట్టుకునేవాళ్లు బోరు ఎక్కడ వేయాలో పదిమందిని అడుగుతారు, గుమ్మం ఏ దిక్కున పెట్టాలో పంతులు చేత చూపిస్తారు. కరెంటు పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘నువ్వే చూసుకోప్పా’ అని వైరింగు ఆయనకు వదిలేస్తారు. ఆయనతో కూలి మాట్లాడుకునేది పాయింటుకింత అని. కాబట్టి పాయింట్లు పెరగాలి, వైరు తగ్గాలి అన్నదే ఆయన లెక్క అవుతుంది. తప్పు ఆయనదని నేననను, బేరమే అలా కుదిరింది.

ఇంకోచోట ఈ పద్ధతి ఎలాగో సాగిపోవచ్చు, ఇక్కడ సాగదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. కాస్త తవ్వితే గరుసు, ఇంకాస్త తవ్వితే రాయి. ఎండిన మట్టి కరెంటును సులువుగా పోనివ్వదు. ఎర్తు గుంత నిరోధం 20 ఓములు ఉందనుకోండి. గ్రైండరు బాడీకి ఫేజు తగిలితే, 230 వోల్టుల లెక్కన ఆ గుంతలోకి పోయేది పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. అది ట్రిప్ అవదు. గ్రైండరు బాడీలో కరెంటు అలాగే ఉంటుంది, ఎవరో తడి చేత్తో ముట్టుకునేదాకా. అందుకే ‘ఎంసీబీలు పెట్టించినాం, భయం లేదు’ అన్న మాట ఈ ప్రాంతంలో చెల్లదు.

చేయవలసినవి

మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించండి. డబ్బు చాలక ఏదైనా వాయిదా వేయాల్సి వస్తే గోడల సున్నం పనిని వాయిదా వేయండి గానీ దీన్ని కాదు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూడటమే దాని పని. తేడా కనిపిస్తే కన్నుమూసి తెరిచేలోగా కట్ చేస్తుంది. ఎర్తు గుంత అంతంతమాత్రంగా ఉన్నా పనిచేస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో సింకు పక్క ప్లగ్గుకు చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, చూసే ఉంటారు. అదీ ఈ జాతిదే, 5 మిల్లీ ఆంపియర్లకే తెంపేసేంత సున్నితం. మన ఆర్సీసీబీకీ ఆ బటన్ ఉంది. నెలకోసారి నొక్కండి, ట్రిప్ కాకపోతే మార్పించండి. అయితే లోడు ఎక్కువైతే దీనికి తెలియదు, ఆ పనికి ఎంసీబీలు విడిగా ఉండాల్సిందే.

ఆర్సీసీబీ ఉంది కదా అని ఎర్తు గుంతను వదిలేయకండి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు. ఇది పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. గుంతను స్నానాల గది నీళ్లో, బట్టలుతికే బండ నీళ్లో పారే పక్కన తవ్వించండి. మూడడుగులకే రాయి తగిలితే పైపును కోసి కూర్చోబెట్టే అలవాటుంది. అలా చేయనివ్వకండి. చోటు మార్చండి, లేదా రెండు గుంతలు తవ్వించి కలపండి. శివరాత్రి దాటినప్పటి నుంచి వానలు పడేదాకా రోజూ ఒక బిందె నీళ్లు అందులో పోయాలి. తాగడానికే నీళ్లు లేని ఊళ్లో ఇదేం మాట అంటారా? గిన్నెలు కడిగిన నీళ్లు చాలు.

ఇక సర్క్యూట్లు. మన దేశపు వైరింగు కోడు, ఐఎస్ 732, లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి ఒక సర్క్యూట్‌కు పది పాయింట్లు, 800 వాట్లు దాటవద్దంటుంది. లెక్క సులభమే. ఫ్యానుకు 60, లైటుకు 60, చిన్న ప్లగ్గుకు 100 వాట్లు వేసుకోండి. నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, రెండు ప్లగ్గులు కలిపితే 680. అక్కడికి పది పాయింట్లతో ఒక సర్క్యూట్ నిండింది. ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లే కదా, ఇంకో పది పాయింట్లు లాగుదామని వైరింగు ఆయన అంటాడు. ఒప్పుకోవద్దు. ఆ చిన్న ప్లగ్గులకే రేపు ఇస్త్రీపెట్టె తగిలిస్తారు. చిన్న ఇంటికైనా లైట్లకు రెండు సర్క్యూట్లు ఉండాలి. ఒకటి ట్రిప్ అయితే ఇల్లంతా చీకటి కాదు.

16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులు ఒక సర్క్యూట్‌కు రెండుకు మించకూడదు, లోడు 3000 వాట్లు దాటకూడదు. ఇండక్షన్ పొయ్యి 2000, గీజరు 2000 వాట్లు. రెండూ ఒకే వైరు మీద ఉంటే పదిహేడు ఆంపియర్లు దాటిపోతుంది. వంటింటికి ఒకటి, గీజరుకు ఒకటి, నీళ్ల మోటారుకు ఒకటి, కూలరు పెట్టే గదికి ఒకటి విడివిడిగా లాగించండి. లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 10 ఆంపియర్ల ఎంసీబీ. పెద్ద ప్లగ్గులకు 2.5 చాలంటారు, నా మాట 4. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె స్లాబులోని పైపు ఎంత కాగుతుందో మనకు తెలుసు. వేడి పెరిగేకొద్దీ వైరు మోయగల కరెంటు తగ్గుతుంది.

మగ్గానికి మోటారు బిగించుకున్న ఇళ్లలో దానికి వేరే సర్క్యూట్ ఉండాలి, మోటారు బాడీకి ఎర్తు వైరు చేరాలి.

చేయకూడనివి

ప్లగ్గులో పైన ఉండే ఎర్తు రంధ్రానికి న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు కలిపి ‘ఎర్తు ఇచ్చేశా’ అనేవాళ్లున్నారు. దీనికంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ తలుపు నుంచి మిక్సీ బాడీ దాకా అన్నింటికీ ఫేజు వస్తుంది. బోర్డు విప్పించి చూడండి. ఆకుపచ్చ వైరు ఎంసీబీలుండే డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దాకా విడిగా వెళ్తోందా, లేక నల్ల వైరుతో కలిసిందా?

వేర్వేరు ఆర్సీసీబీల కింద ఉన్న రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిసిపోయినా, ఇన్వర్టర్ న్యూట్రల్ ఇంటి న్యూట్రల్‌తో ముడిపడినా ఆర్సీసీబీ ఊరికే ట్రిప్ అవుతుంటుంది. అప్పుడు తప్పు వెతకకుండా ఆర్సీసీబీనే తప్పించి డైరెక్టు ఇవ్వడం జరుగుతుంది. ఇవ్వనివ్వకండి. మాటిమాటికీ ట్రిప్ అయ్యే 16 ఎంసీబీ తీసి 32 వేయడమూ అంతే. మంట అంటుకునేది వైరుకు. పాత కట్‌అవుట్లున్న ఇళ్లలో లావు తీగ చుట్టడమూ అదే తప్పు.

ఇనుప బాడీ కూలరుకు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టకండి. నడుస్తున్న కూలరులో నీళ్లు పోయకండి. ప్లగ్గు పీకిన తర్వాతే బిందె ఎత్తండి. నీళ్లు కాచే హీటరు రాడ్డుకూ ఇదే నియమం.

సర్వీసు వైరును మోసే జీఐ తీగ మీద బట్టలు ఆరేయవద్దు. ఆ తీగకు గానీ, రేకుల షెడ్డు కమ్మీకి గానీ దండెం కట్టవద్దు. వైరు తోలు ఒరిసిపోయిన చోట తీగకంతా కరెంటు వస్తుంది. వానాకాలంలో తడిబట్ట వేసిన చేయి అక్కడే అతుక్కుంటుంది.

శనక్కాయ మూటలు స్విచ్చి బోర్డుకు ఆనించి పేర్చకండి. మూటల కోసం ఎలుకలొస్తాయి, మూటల చాటున వైరు కొరుకుతాయి. ఏడాది పంట పక్కనే నిప్పురవ్వ పుడుతుంది.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, మనిషిని పట్టుకుని లాగకండి. 108కి ఫోన్ చేయండి. బత్తలపల్లిలోనే ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. స్తంభం నుంచి మీటరు దాకా ఏం జరిగినా కరెంటు వాళ్లకు 1912లో చెప్పాలి. మీటరు దాటిన తర్వాత బాధ్యత ఇంటివాళ్లదే. అందుకే పని ముగిశాక ఏ ఎంసీబీ కింద ఏ గదులు, ఏ ప్లగ్గులు ఉన్నాయో ఒక కాగితం మీద రాయించి డీబీ తలుపు లోపల అంటించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చాకే ఆఖరి వాయిదా కూలి ఇవ్వండి.